అడుగున వేసే పూత



ఈ సంచికకి ఏదైనా వ్యాసం యిమ్మని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నేను "యువత – దేశభవిత" మీద రాస్తాననుకుని వుంటారు. ఆ విషయం మీద రాసేవాళ్ళు యీ సంచికలోనే నలుగురైనా వుంటారు. అంచేత నేను మా యింటి పాత మెటాడోర్ వ్యాను అడుగుభాగం గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మాది ఆత్రేయపురం. ఆ పేరు వినగానే ఎవరికైనా నోట్లో నీళ్ళూరతాయి. మా పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కుండ బోర్లించి, లోపల కొబ్బరాకుల మంట పెట్టి, పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, ఆ కుండ అడుగు మీద ఒక్కసారి లాగుతారు మా ఆడవాళ్ళు. లాగీ లాగగానే రేకు. ఆ అడుగున మసి గానీ మట్టి గానీ వుంటే రేకు రాదు. పిండి చిక్కనైతే రేకు బదులు అట్టు వస్తుంది. అడుగు శుభ్రంగా వుండాలి, పూత పల్చగా వుండాలి. ఈ రెండు సంగతులూ మా వూళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. యినప రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా యింట్లో పెద్దవాళ్ళు కూడా మరిచిపోయారు.

మెటాడోర్ అంటే తెలియని గోదావరి వాళ్ళు వుండరు. జర్మనీ నమూనాతో బజాజ్ టెంపో వారు మన దేశంలో తయారుచేసిన బండి అది. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఆ బండి ఎంతగా తిరిగిందంటే, మనవాళ్ళు ఏ కంపెనీ వ్యానునైనా "మెటాడోర్" అనే పిలిచారు. మా తాతయ్య ఎనభైల్లో కొన్న బండి పెళ్ళివారిని మోసింది, పూతరేకుల పెట్టెల్ని రాజమండ్రి చేరవేసింది, పురిటి నొప్పులతో వున్నవాళ్ళని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తాతయ్య పోయాక మా బాబాయి కొన్నాళ్ళు రొయ్యల ట్రేలు కూడా వేశాడు. అప్పుడు మొదలైంది రోగం.

తుప్పు అనేది యినుముకి గాలీ నీరూ కలిస్తే వచ్చేది. ఆ నీటిలో ఉప్పు వుంటే పని యింకా తొందరగా జరిగిపోతుంది. రొయ్యల ట్రేల్లోంచి కారే ఐసు నీళ్ళు, కాలవగట్టు బురద, దానికి తోడు వరిగడ్డి. ఇవన్నీ షాసీ మూలల్లోనూ రేకు అతుకుల్లోనూ దూరి తడి ఆరనివ్వవు. పైన ఎండ కాస్తున్నా కింద వానాకాలమే. ఐరోపాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అక్కడి పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకి ఆ ఉప్పే శత్రువు. మనకి మంచు లేదు గానీ, ఉప్పుని మనమే బండెక్కించి మోశాం.

ఆరేళ్ళ క్రితం బాబాయి ఆ బండిని పట్నంలో ఒక షెడ్డుకి యిచ్చాడు. ఆ షెడ్డు పేరు యిక్కడ అనవసరం. మూడు రోజుల్లో అడుగంతా నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చింది. బాబాయి వంగి చూసి "కొత్త బండిలా వుందిరా" అన్నాడు. మరుసటి వానాకాలం ఒక పెళ్ళి నుంచి వస్తుంటే, కాలవగట్టు మీద చక్రం గోతిలో పడింది. రెండో వరస సీటు ముందు రేకు ఉన్నట్టుండి కుంగింది. అక్కడ కూర్చున్నది మా మామ్మ. ఆవిడ కాలు చీలమండ దాకా కిందకి దిగిపోయింది. బండి నెమ్మదిగా వెళ్తోంది గనక కాలు దక్కింది. మామ్మకి చక్కెర జబ్బు. ఆ గాయం మానడానికి మూడు నెలలు పట్టింది.

తర్వాత నేను స్క్రూడ్రైవరుతో గీకి చూశాను. నల్లటి పొర మీగడ తరకలా లేచి వచ్చింది. దాని వెనక రేకు లేదు. గోధుమరంగు పొడి వుంది. అన్నాళ్ళూ మేం తొక్కుతున్నది రంగునే. తుప్పు మీద వేసిన తారు పూత తుప్పుని ఆపదు, కనపడకుండా దాస్తుంది. కొన్నాళ్ళకి ఆ పూత గట్టిపడి బీటలిస్తుంది, బీటలోంచి నీరు దూరుతుంది, దూరిన నీరు బయటికి రాలేదు. పూత వెయ్యని రేకైతే కనీసం ఎండకి ఆరుతుంది.

తప్పంతా షెడ్డువారిదే అని నేననను. "ఎంతవుతుంది, ఎప్పటికి యిస్తారు?" అని అడిగాం గానీ, "ఏం చేశారు, చూపించండి" అని అడగలేదు. మూడు రోజుల్లో కావాలన్నది మేమే.

నిరుడు వేసవి సెలవుల్లో బండిని మళ్ళీ బాగుచేద్దామనుకున్నాం. శ్రావణంలో మా బాబాయి కూతురి పెళ్ళి. చేతిలో వున్న డబ్బు ఒక పనికే సరిపోతుంది. పైన మీగడరంగు, మధ్య నీలం చార వెయ్యాలని బాబాయి పట్టు. అడుగు ముందని నేను. రెండు రోజులు యింట్లో మాటల్లేవు. చివరికి మామ్మ తన కాలు చాపి చూపించింది. "ఒరేయ్ చిన్నోడా, పైన రంగు పెళ్ళివారు చూస్తారు. కింద రేకు నేను చూశాన్రా" అంది. బాబాయి యింక మాట్లాడలేదు.

పక్కవూరి టింకరింగు మేస్త్రీ గారు వచ్చి బండి చుట్టూ తిరిగి, "ముందు కడగండి బాబూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. కడగడానికే రెండు రోజులు పట్టింది. తర్వాత సుత్తితో తట్టుకుంటూ వెళ్ళారు. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు డబ్బుమంటుంది. డబ్బుమన్న చోటల్లా సుద్దముక్కతో గీత. ఈ బండి అడుగు రేకులు కొట్లో తయారుగా దొరకవు. అంచేత 18 గేజి రేకు కోసి, వంచి, వెల్డింగు చేశారు. అంతకుముందే బ్యాటరీ వైర్లు పీకి, డీజిలు ట్యాంకు దింపేశారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరనివ్వలేదు. నాలుగు పక్కలా స్టాండ్లు పెట్టాకే పని.

వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా తోమాం. మన డెల్టా గాలికి పొద్దున తోమిన రేకు మర్నాటికి ఎర్రబారుతుంది. అందుకని ఎంత మేర తోమితే అంత మేరకి ఆ పూటే ప్రైమరు. అందరూ వాడే రెడాక్సైడు చౌకే గానీ, దానికి సన్నటి రంధ్రాలుంటాయి. పైన యింకో పూత లేకపోతే చెమ్మ లోపలికి దిగుతుంది. మేం ఎపాక్సీ ప్రైమరు వేశాం. అతుకుల్లో సీలరు నింపాం. ఆ పైన రంగు రెండు పల్చటి పూతలు, ఒకటి ఆరాకే రెండోది. ఒకేసారి మందంగా కొడితే పైపొర ఆరిపోయి, లోపలి థిన్నరు బయటికి రాలేక పూత మెత్తగానే వుండిపోతుంది. అన్నిటికీ చివర రాళ్ళ దెబ్బకి ఆగే రబ్బరు పూత. బోలుగా వున్న షాసీ లోపలికి గొట్టంతో మైనం కొట్టాం.

ఏం వెయ్యాలో తెలియడం సగం పని. ఎక్కడ వెయ్యకూడదో తెలియడం మిగతా సగం. బ్రేకు గొట్టాల రబ్బరు, గ్రీజు నిపిల్సు, హ్యాండుబ్రేకు కేబులు, సైలెన్సరు, ముందు చక్రాల షాఫ్టుల రబ్బరు తొడుగులు, వీటన్నిటికీ కాగితం చుట్టి టేపు వేశాకే రంగు కొట్టాలి. నీరు కారడానికి అడుగున విడిచిన కన్నాలు పూతతో మూసుకుపోకుండా పుల్లతో పొడవాలి. ఆ కన్నం మూసుకుపోతే వాననీరు లోపలే నిలుస్తుంది.

మనవాళ్ళలో యింకో అలవాటుంది. సర్వీసింగు తర్వాత బండి అడుగున వాడేసిన యింజను ఆయిలు కొట్టించడం. చౌకగా తుప్పు ఆగుతుందంటారు. ఆ ఆయిలు రబ్బరుని పాడుచేస్తుంది, దుమ్ముని అంటించుకుంటుంది, చుక్క చుక్కగా గట్టు మీద కారి వానకి కాలవలో కలుస్తుంది. ఆ కాలవ నీళ్ళే మన వూళ్ళ మంచినీటి చెరువుల్లోకి వెళ్తాయి. బండి రేకు కోసం పక్కింటివాళ్ళ కడుపులో మురికి పోస్తామా?

ఈ జాగ్రత్త మనకి కొత్త కాదు. లొల్ల లాకుల మీదుగా పడవలు నడిచిన రోజుల్లో, వేసవిలో కాలవలు కట్టేయగానే పడవని ఒడ్డుకి లాగి, బోర్లించి, అడుగు గీకి, సందుల్లో నార కూరి తారు పూసేవారని తాతయ్య చెప్పేవాడు. నీటి మీద అడుగు పోతే ప్రాణం పోతుందని వాళ్ళకి తెలుసు. చక్రాల మీదకి ఎక్కాక మనకి ఆ భయం పోయింది. 1914లో తెరిచిన పాంబన్ రైలు వంతెన సముద్రపు ఉప్పుగాలికి ఎదురుగా వందేళ్ళు దాటి నిలిచింది. అలాంటి వంతెన మీద కూడా తుప్పు ముదిరాక 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేయాల్సి వచ్చింది. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్లో తెరిచారు. వందేళ్ళు నిలిచినా ఉప్పు తన పని మానదు, మనిషి తన పని మానకూడదు.

మా చెల్లి పెళ్ళికి ఆ బండి పైన ఒట్టి బూడిదరంగు ప్రైమరుతోనే వెళ్ళింది. వియ్యాలవారిలో ఒకాయన "బండికి రంగు వేయించలేదాండీ?" అని అడిగాడు. మామ్మ "వేయించామండి, కిందకి వంగి చూడండి" అంది. బాబాయికి కాస్త చిన్నతనమనిపించిన మాట నిజం. కానీ ఆ రోజు మామ్మ కూర్చున్నది మళ్ళీ ఆ రెండో వరస సీటులోనే.

కాబట్టి మిత్రులారా, నా మనవి మూడు ముక్కలు. డబ్బు తక్కువైతే ముందు అడుగుకి ఖర్చు పెట్టండి, పైరంగు వచ్చే ఏడు వేసుకోవచ్చు. రెండోది, తోమిన రేకు కళ్ళతో చూడకుండా నల్లపూతకి డబ్బులివ్వకండి. ప్రతి జేబులోనూ కెమెరా వున్న రోజులివి. పూతకి ముందు ఫొటో తీసి బండి యజమానికి యివ్వడం ప్రతి షెడ్డులోనూ ఆనవాయితీ కావాలి. మంచి మేస్త్రీలకి దానివల్ల పోయేది లేదు, పేరు వస్తుంది. మూడోది, ఏటా వానలు వెనకబట్టాక బండిని ఎత్తి, అడుగు కడిగి, ఊడినచోట మళ్ళీ పూయండి.

ఇంకొక్క మాట. వార్షికోత్సవానికి మన హాస్టలు ముందుగోడకి రంగు పడింది, చాలా బాగుంది. వెనకవైపు నీళ్ళ గొట్టం కారి గోడ పాచిపట్టిన సంగతి మనందరికీ తెలుసు. వచ్చే యూనియన్ ఎవరిదైనా సరే, తోరణాలకి బడ్జెట్టు రాసేముందు ఒకసారి వెనక్కి వెళ్ళి చూసి రమ్మని నా కోరిక.

సెలవు.