రోజాకి విజిల్, జుబాన్‌కి తాళం

ఆ వీడియో మీ ఖాందాన్ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటుంది. 2022 ఏప్రిల్ 6, రంజాన్ మొదటి వారం. జర్మనీలో ఆగ్స్‌బర్గ్, మైంజ్ టీముల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్. గంట ఆట దాటాక రెఫరీ ఆట ఆపాడు. ఫౌల్ లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మైంజ్ డిఫెండర్ మూసా నియాకటే రోజాతో ఆడుతున్నాడు, మగ్రిబ్ వక్త్ అయ్యింది. అంతే. ఆ పిల్లవాడు రెండు గుక్కలు తాగి రోజా విడిచి, మళ్ళీ ఆటలోకి దిగాడు. బుండెస్‌లీగాలో ఇఫ్తార్ కోసం మ్యాచ్ ఆపడం అదే మొదటిసారి.

మనమంతా మాషా అల్లాహ్ అన్నాం. నేనూ పది గ్రూపులకి ఫార్వర్డ్ చేశాను. మా అమ్మీకి ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలీదు, కానీ ఆ రెఫరీకి దువా చేసింది.

ఏడాదిన్నర తర్వాత అదే మైంజ్ క్లబ్ ఇంకో ముస్లిం ఆటగాడి విషయంలో ఏం చేసిందో మన గ్రూపుల్లో ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? చాలా తక్కువ. చేసినవాళ్ళు కూడా సగం కథే చేశారు. అందుకే ఈ మజ్మూన్.

2023-24 సీజన్ మైంజ్ 05కి మొదటినుంచీ మన్‌హూస్‌గానే నడిచింది. లీగ్‌లో గెలుపన్నదే లేదు. సెప్టెంబర్ నెలాఖర్లో ఏ క్లబ్బూ లేకుండా ఖాళీగా ఉన్న అన్వర్ ఎల్ ఘాజీని తెచ్చుకున్నారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన మొరాకో మూలాల కుర్రాడు. అయాక్స్, ఆస్టన్ విల్లా లాంటి పెద్ద క్లబ్బుల్లో ఆడొచ్చినవాడు. మైంజ్ తరఫున వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లు ఆడాడో లేదో, అక్టోబర్ 7 వచ్చింది. ఆ తర్వాత గాజా మీద బాంబులు మొదలయ్యాయి. అన్వర్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టాడు. నది నుంచి సముద్రం దాకా ఫలస్తీన్ ఆజాద్ అవుతుంది అనే నారా అందులో ఉంది. కాసేపటికే తీసేశాడు. అయినా అక్టోబర్ 17న క్లబ్ అతన్ని సస్పెండ్ చేసింది.

తర్వాత జరిగింది తారీఖుల వారీగా చూడండి. అక్టోబర్ 30న క్లబ్ ఒక బయాన్ ఇచ్చింది: అన్వర్ పశ్చాత్తాపపడ్డాడు, తన పోస్టుకి దూరం జరిగాడు, ఇంకో ఛాన్సు ఇస్తున్నాం అని. నవంబర్ 1న అన్వర్ స్వయంగా రాశాడు: నేను పశ్చాత్తాపపడలేదు, నా మాటకి దూరం జరగలేదు, ఈ రోజూ నిలబడతాను, ఆఖరి శ్వాస దాకా నిలబడతాను అని. సరిగ్గా అదే రాత్రి బెర్లిన్‌లో జర్మన్ కప్ రెండో రౌండు. రెండో డివిజన్‌లో ఉన్న హెర్తా చేతిలో మైంజ్ 3-0తో ఓడి కప్ నుంచి బయటపడింది. నవంబర్ 2న కోచ్ బో స్వెన్సన్ వెళ్ళిపోయాడు. నవంబర్ 3న అన్వర్ కాంట్రాక్టు రద్దు చేశారు. నవంబర్ 4న తాత్కాలిక కోచ్ యాన్ జీవర్ట్ కింద లైప్‌జిగ్‌ని 2-0తో ఓడించి లీగ్‌లో మొదటి గెలుపు చూశారు.

నాలుగు రోజుల్లో కప్ పోయింది, కోచ్ పోయాడు, ఒక మనిషి రోజీ పోయింది, ఒక మ్యాచ్ గెలిచారు. అఖ్బార్లలో ఆ ఆఖరిదే పెద్ద హెడ్డింగ్ అయ్యుంటుంది. పాతికేళ్ళుగా న్యూస్ డెస్కుల్లో ఉన్నవాణ్ణి, హెడ్డింగులు ఎలా పెడతారో నాకు తెలుసు.

ఇక్కడ నా షికాయత్ సూటిగా చెప్తాను. మైంజ్ క్లబ్ ముస్లింల దుష్మన్ కాదు. నియాకటే రోజా కోసం ఆట ఆగితే ఆ క్లబ్ గర్వపడింది. అన్వర్‌ని పంపేసిన రెండు నెలలకే, 2024 జనవరిలో, అఫ్గాన్ మాబాప్‌ల బిడ్డ నదీమ్ అమీరీని తెచ్చుకుంది. ఫిబ్రవరి సగం దాకా ఒక్కటంటే ఒక్క గెలుపుతో అడుగున పడి ఉన్న టీముకి బో హెన్రిక్సన్ కొత్త కోచ్‌గా వచ్చాడు. మార్చిలో బాయర్న్ చేతిలో 8-1తో చావుదెబ్బ తిన్నారు, అయినా లేచారు. మే 11న డార్ట్‌మండ్‌ని 3-0తో, ఆఖరి రోజు వోల్ఫ్స్‌బర్గ్‌ని 3-1తో కొట్టి డివిజన్‌లో నిలబడ్డారు. 7 గెలుపులు, 14 డ్రాలు, 13 ఓటములు, 35 పాయింట్లు, 13వ స్థానం. ఆ నిలబడడంలో అమీరీ మెహనత్ చాలా ఉంది.

అంటే మన కాళ్ళు కావాలి. మన రోజా కూడా కెమెరాకి ఖూబ్‌సూరత్‌గానే ఉంటుంది. మన జుబాన్ మాత్రం వద్దు. రోజాకి విజిల్ ఊదడానికి అయ్యే ఖర్చు ఒక్క నిమిషం. కోపం తెప్పించే మాటని భరించడానికి అయ్యే ఖర్చు స్పాన్సర్లు, అఖ్బార్లు, సియాసత్‌దాన్‌లు. క్లబ్ మొదటిది ఇచ్చింది, రెండోది ఇవ్వలేదు. మొదటిదానికే మనం తాళ్ళు కొట్టి ఇంటికెళ్ళాం.

మనకి ఇది కొత్తేం కాదు. ప్రతి రంజాన్‌లో ఎల్బీ స్టేడియంలో సర్కారీ దావత్-ఎ-ఇఫ్తార్ జరుగుతుంది. ఏ పార్టీ ఉన్నా జరుగుతుంది. ఖజూర్ పళ్ళెం, తలమీద టోపీ, ఒక ఫోటో. మిగతా పదకొండు నెలలు ఏం అడిగామో, ఏం ఇచ్చారో ఎవరూ హిసాబ్ అడగరు. ఇబాదత్‌కి ఇచ్చే ఇజ్జత్‌ని తీసుకుని, హఖ్‌ని వదిలేసుకునే ఆదత్ మనకి బాగా పడిపోయింది.

ఇప్పుడు జవాబులు. మొదటిది: ఆటలోకి సియాసత్ తేకూడదు కదా భాయ్?

ఎవరు తేలేదు చెప్పండి. 2022లో రష్యా యుక్రెయిన్ మీద దాడి చేస్తే జర్మన్ స్టేడియాల నిండా నీలం, పసుపు జెండాలు. షాల్కే క్లబ్ గాజ్‌ప్రోమ్ కంపెనీ పేరుని జెర్సీ మీదనుంచి తీసేసింది. మంచి పనే చేశారు. మజ్లూమ్ పక్కన నిలబడడం ఎప్పుడూ మంచిదే. అయితే ఆ రోజు ఇన్సానియత్ అయ్యింది ఈ రోజు సియాసత్ ఎలా అయ్యింది? మన ఇంటి ముచ్చటే తీసుకోండి. 1962 జకార్తా ఏషియాడ్‌లో ఇజ్రాయిల్, తైవాన్ టీములని ఇండోనేషియా రానివ్వలేదు. అది తప్పని ఒక భారత అధికారి గట్టిగా అన్నాడు. దాంతో అక్కడి జనం మన టీము కనబడితే చాలు అరిచి గోల చేశారు. ఆ గోల మధ్యే హైదరాబాద్ ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ కుర్రాళ్ళు ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చారు. సియాసత్ లేని మైదానం రహీమ్ సాబ్‌కి కూడా దొరకలేదు.

రెండో జవాబు మన వైపు వాళ్ళకి. ఇది వినడానికి కొంచెం చేదుగా ఉంటుంది.

మైంజ్ స్టేడియం ఏ రోడ్డు మీద ఉందో తెలుసా? ఓయిగెన్ సాలమన్ స్ట్రాస. ఓయిగెన్ సాలమన్ ఆ క్లబ్ మొదటి సదర్, యూదు. 1905లో క్లబ్‌ని నిలబెట్టినవాళ్ళలో ఒకడు. నాజీలు వచ్చాక ఫ్రాన్స్‌కి పారిపోయాడు. అక్కడ పట్టుకుని 1942లో ఆష్విట్జ్‌కి తీసుకెళ్ళి చంపేశారు. ఆ పేరున్న వీధిలో కూర్చున్న క్లబ్ యూదుల జాన్ గురించి భయపడితే దాన్ని డ్రామా అని కొట్టిపారేయకండి. ఆ నారా వినగానే చాలామంది యూదులకి తమ వాళ్ళందర్నీ తుడిచేస్తామన్నట్టు వినబడుతుంది. మనకి ఆజాదీ అని వినబడుతుంది. నారా ఒకటే, చెవులు రెండు. మన జల్సాల్లో కొందరు నోరు జారి యూదు ఖౌమ్ మొత్తాన్ని తిడతారు, మనం నవ్వి ఊరుకుంటాం. సూరా మాయిదా ఎనిమిదో ఆయత్ ఈ విషయంలో ఏం హుకుం ఇస్తుందో మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి. అడిగాక ఆ నవ్వు వస్తుందేమో చూసుకోండి.

అన్వర్ ఈ తేడా తెలిసినవాడు. ఫలస్తీనీలైనా ఇజ్రాయిలీలైనా అమాయకుల్ని చంపడాన్ని ఖండిస్తున్నానని రాశాడు. మన గ్రూపుల్లో షేర్ అయిన పోస్టర్లలో ఆ సగం లేదు. షేర్ని షేర్‌లా చూపించాలంటే పంజా ఒక్కటే చాలనుకున్నారు కాబోలు.

సాలమన్ యాద్‌ని కాపాడడమంటే నచ్చని మాట అన్నవాడి రోజీ తీసేయడమా? మనిషిని అతని ఖౌమ్‌ని బట్టి, అతని మాటని బట్టి బయటికి నెట్టే జమానాలోనే సాలమన్ చనిపోయాడు. అదే అక్టోబర్‌లో బాయర్న్ మ్యూనిక్ ఆటగాడు నుసైర్ మజ్రావీ మీద కూడా గోల జరిగింది. జర్మన్ ఎంపీ ఒకాయన అతన్ని తీసేయమన్నాడు. బాయర్న్ వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడారు, టీములో ఉంచారు. వాళ్ళూ జర్మనీలోనే ఉన్నారు, వాళ్ళ తారీఖ్ కూడా అదే. మాట్లాడే రస్తా ఉంది. మైంజ్ దాన్ని ఆఖరి దాకా నడవలేదు.

మూడో జవాబు ఇన్సాఫ్ గురించి. 2024 జూలై 12న మైంజ్ లేబర్ కోర్టు తీర్పు ఇచ్చింది. అతని మాట అభిప్రాయ స్వేచ్ఛ కిందికి వస్తుంది, కాంట్రాక్టు రద్దు చెల్లదు అని. పదిహేను లక్షల యూరోలకు పైగా బాకీ జీతం కట్టమంది. అన్వర్ ఏం చేశాడు? అందులో 5 లక్షల యూరోలు గాజా పిల్లల కోసం ఇస్తానన్నాడు. క్లబ్‌కి రెండు షుక్రియాలు చెప్పాడు: డబ్బుకి ఒకటి, నోరు నొక్కబోయి తన ఆవాజ్‌ని ఇంకా పెద్దది చేసినందుకు ఒకటి.

ఈ కోర్టు ముచ్చటే అన్నిటికన్నా ముఖ్యం, దీన్నే మనం పట్టించుకోలేదు. అన్వర్‌ని గెలిపించింది మన లైకులు కాదు. జర్మనీ కోర్టు, జర్మనీ కానూన్, చేతిలో ఉన్న కాంట్రాక్టు కాగితం. వెస్ట్ మొత్తం మన దుష్మనే అని మైకులో అరిచే జనాబ్‌లు ఈ తీర్పుని ఏ ఖానాలో వేస్తారు? క్లబ్ జుల్మ్ చేసింది, ఆ ముల్క్ అదాలత్ దాన్ని సరిచేసింది. రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే అది కూడా ఝూట్ కిందే లెక్క.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మెడికల్ షాపులో, కాల్ సెంటర్‌లో, ప్రైవేట్ స్కూల్‌లో, బైకు షోరూమ్‌లో పనిచేసే మన పిల్లల్లో ఎంతమంది దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ ఉంది? "రేపటినుంచి రాకు" అంటే ఏ కాగితం పట్టుకుని ఏ ఆఫీసుకి వెళ్ళాలో ఎంతమందికి తెలుసు? లేబర్ కోర్టు ఎక్కడుందో మన మొహల్లాలో ఒక్కర్ని అడిగి చూడండి. కాగితం లేనివాడి జుబాన్‌కి తాళం వేయడానికి ఎవరూ రానక్కర్లేదు, వాడే వేసుకుంటాడు.

వాడికంటే ముందు మనం వేస్తాం. నాది చెప్తాను.

2023 అక్టోబర్‌లో మా పెద్దవాడు ఫోన్ స్టేటస్‌లో గాజా పిల్లల ఫోటో పెట్టాడు. గాలీ లేదు, నారా లేదు. ఏడుస్తున్న పిల్ల ఫోటో, కింద ఒక దువా. రాత్రి పదింటికి నేనే వాడి గదిలోకెళ్ళి, "తీసేయ్ బేటా, రేపు నౌకరీ అంటారు, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ అంటారు, ఎవడు చూస్తాడో ఏంటో" అన్నాను. వాడు గొడవ పడలేదు. ఫోన్ తీసి డిలీట్ చేసి, "మీరు జర్నలిస్ట్ కదా అబ్బా" అన్నాడు. అంతే అన్నాడు.

ఏ క్లబ్బూ నాకు నోటీసు ఇవ్వలేదు. ఏ స్పాన్సరూ ఫోన్ చేయలేదు. మైంజ్ క్లబ్ రెండు వారాలు ఆలోచించి చేసిన పని నేను రెండు నిమిషాల్లో చేశాను. మా అబ్బాజాన్ కూడా నాకు అదే నేర్పారు: తల దించుకుని నడువు, నమాజ్ చదువుకో, ఎవరితో బహస్ పెట్టుకోకు. ఆయన 1990 డిసెంబర్ కర్ఫ్యూ చూసిన మనిషి, ఆయన భయానికి వజా ఉంది. నా భయానికీ ఉంది. కానీ మన ఇళ్ళలోనే తాళాలు తయారవుతున్నప్పుడు బయటివాళ్ళని మాత్రమే తిట్టడం నాకు చేతకావడం లేదు.

పిల్లల్ని రోడ్డు మీదికి వెళ్ళి అరవమని నేను చెప్పడం లేదు. పుకార్లు, గాలీలు ఫార్వర్డ్ చేసేవాణ్ణి ఆపండి, తప్పకుండా ఆపండి. కానీ ఏ మాట అనొచ్చో ఏది అనకూడదో వాడితో కూర్చుని మాట్లాడండి. తీసేయమని చెప్పేముందు ఎందుకు పెట్టావని అడగండి. యూదులంటే ఎవరు, జియోనిజం అంటే ఏంటి, ఈ రెండూ ఒకటి ఎందుకు కావో చెప్పండి. మీకు తెలీకపోతే ఇద్దరూ కలిసి చదవండి. నౌకరీలో చేరేటప్పుడు లెటర్ తీసుకోమనండి, జీతం బ్యాంకులో వేయించుకోమనండి. చదువుకున్న మన వకీల్ సాబ్‌లు నెలకో జుమా తర్వాత అరగంట మస్జిద్‌లో కూర్చుని లేబర్ కానూన్ చెప్తే దానికంటే సవాబ్ ఏముంటుంది?

వచ్చే రంజాన్‌లో ఆ ఇఫ్తార్ వీడియో మళ్ళీ తిరుగుతుంది. అప్పుడు మీరూ ఫార్వర్డ్ చేయండి, నేనూ చేస్తాను, ఆ రెఫరీ మంచి పని చేశాడు. దాని కిందే అన్వర్ ఎల్ ఘాజీ కథ కూడా పెట్టండి, పూర్తిగా పెట్టండి: అతను అన్నది, రెండు వైపులా అమాయకుల కోసం అన్నది, క్లబ్ చేసింది, కోర్టు చెప్పింది.

మావాడు ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ స్టేటసూ పెట్టలేదు. దాన్ని నా ఓటమిగానే లెక్కేసుకుంటున్నాను. ఈ మజ్మూన్ పోస్టు చేసేముందు వాడికే చదివి వినిపిస్తాను. అల్లాహ్ మన పిల్లలకి హఖ్ మాట్లాడే హిమ్మత్, ఆ మాటని అదబ్‌తో అనే సలీఖా ఇవ్వాలి. మనకి వినే సబర్ ఇవ్వాలి. ఆమీన్.