పొయ్యి పొగ, అమ్మ దమ్ము

బీడీ ముట్టని మన అమ్మలకు దమ్ము ఎందుకొస్తుంది? వయసు మీద పడ్డదని సరిపెట్టుకుంటున్నాం. కల్వకుర్తి పల్లెల్లో పత్తి కట్టె పొయ్యి ముందు ఏళ్లతరబడి పీల్చిన పొగ గాలిగొట్టాలను ఇరుకు చేస్తుంది. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు మొదలయ్యాయి. 2024లో 500 రూపాయల సిలిండర్ పథకం కూడా వచ్చింది. కానీ పూర్తి ధర ముందు మనమే కట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకులో పడుతుంది. కూలి చేసే ఇంట్లో ఆ ముందు కట్టే పైకమే దొరకదు. అందుకే స్నానాల నీళ్లు ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయి.

బీపీ, షుగర్ చూసినట్టే, ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష కూడా మన దవాఖానలో చేయాలని అడుగుదాం. మందు పీల్చాక కూడా, గట్టిగా ఊదిన గాలిలో 70 శాతమైనా మొదటి సెకనులో రాకపోతే గాలిగొట్టాలు ఇరుకైనట్టు డాక్టర్లు లెక్కిస్తారు. ఇంట్లో మొదటి పట్టా మనదే కనుక ఆ రిపోర్టు చదివి చెప్పాల్సిందీ మనమే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష చేయించండి, టీబీ కావచ్చు.