చందమామకు దారి దొరికింది, మ్యాన్‌హోలుకే దొరకలేదు

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఎగిరింది మన శ్రీహరికోట నుంచే. సంతోషం. సైన్సు మీద మాకు కోపం లేదు, అందులో మా వాటా ఏదన్నదే మా గొడవ.

ఎగరేసే ముందు బుల్లి నమూనాని తిరుమల తీసుకెళ్ళి మొక్కించారు. దిగిన చోటికి 'శివశక్తి' అని పేరెట్టారు. అంటే చంద్రుడి మీద అగ్రహారం వెలిసినట్టే! ఇక మాల, మాదిగ పల్లెలు ఏ దిక్కున కడతారో చెప్పాలి.

అన్నలారా, అక్కలారా! మనిషి చేత మలం ఎత్తించకూడదని 1993లో చట్టం చేశారు, 2013లో మళ్ళీ చేశారు. మురుగు గుంటలో చచ్చినోడి కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. రేటు పెరిగింది, చావు ఆగలేదు. ఇంటిపేరులోనే మన బెజవాడని మోస్తున్న విల్సన్ అడిగేది ఒక్కటే: మమ్మల్ని చంపడం ఆపండని.

యంత్రం లేదా? 2018లోనే కేరళ కుర్రాళ్ళు మ్యాన్‌హోలు శుభ్రంచేసే మరమనిషిని తయారుచేశారు. మన డెల్టా చేలల్లోకి కోతమిషను ఎవర్నీ అడక్కుండానే వచ్చింది. మందు కొట్టే డ్రోనూ వచ్చింది. మన కూలి పోయే చోటికి యంత్రం పరుగెత్తుకొస్తుంది. మన ప్రాణం నిలిచే చోటికి మాత్రం దానికి బడ్జెట్ ఉండదు!

ఓట్లకొచ్చే ప్రతివాణ్ణీ నిలేద్దాం: మా మున్సిపాలిటీకి యంత్రం ఎప్పుడు? అది వచ్చేదాకా ఎవరూ గుంటలో దిగొద్దు. రక్షణ లేకుండా దించినవాడికి 2013 చట్టం ప్రకారం మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలుంది. కేసు పెట్టిద్దాం.

జై భీమ్!