అడిగే ధైర్యం బడిలోనే రావాలి

హోసూరు, బళ్లారి, బరంపురం ప్రాంతాల తెలుగు బడుల నుంచి ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలను అనాటమీ కంటే ఎక్కువగా కుంగదీసేది ‘ఇంగ్లిషులో అడిగితే నవ్వుతారేమో’ నన్న భయమే. 2019 నుంచి కళాశాలల్లో మొదట ఫౌండేషన్ కోర్సు ఉంటోంది. అందులో ఇంగ్లిషు, స్థానిక భాష నేర్పుతారు. దాన్ని మొక్కుబడిగా తీసుకోవద్దని పిల్లలకు చెప్పాలి.

అయితే అడిగే అలవాటు బడిలోనే పడాలి. ఉపాధ్యాయులు తొమ్మిదో తరగతి నుంచే ధమని అంటే ఆర్టరీ, సిర అంటే వెయిన్ అని రెండు పేర్లూ చెప్పాలి, ప్రశ్న వేసినవారిని మెచ్చుకోవాలి. తల్లిదండ్రులు ఫోనులో మార్కుల కంటే ముందు తిండి, నిద్ర గురించి అడగాలి. దిగులు తగ్గకపోతే టెలీ మానస్ 14416కు తెలుగులోనే చెప్పుకోవచ్చు.

రేపు వార్డులో ‘గుండె దడగా ఉంది నాయనా’ అనే మన ఊరి అవ్వ బాధ చప్పున అర్థమయ్యేది ఈ పిల్లలకే. తెలుగు బడిలో చదివామని తలదించుకోవలసిన పని లేదని వారికి ఇప్పుడే చెబుదాం.