మాది క్యారీ

తెలుగువాళ్ళు కొత్త మనిషి కనిపిస్తే మూడు ప్రశ్నలు అడుగుతారు. పేరేంటి? ఏం చేస్తుంటారు? మీది ఏ ఊరు? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు మొదటి రెండింటికీ టకటకా జవాబు చెప్తారు. మూడోదాని దగ్గర ఆగిపోతారు. గుడిలో ప్రసాదం పెట్టే పని చేస్తుంటాను కాబట్టి నాకు ఇది తరచూ కనిపిస్తుంది. "క్యారీ అండీ" అని అమ్మాయి అంటుంది. "అది కాదమ్మా, అసలు ఊరు?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆ అమ్మాయి ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఇక తెలుగు మాట అక్కడితో ముగిసినట్టే.

ఆ "అసలు" అనే మాట మీదే నా అభ్యంతరం.

ముందు భాష సంగతి చూద్దాం, మనమంతా నేర్చుకుంటున్నవాళ్ళమే కదా. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెప్పేవాళ్ళు "నేను క్యారీ నుంచి" అంటారు. తెలుగులో అది సగం వాక్యం. "నుంచి" అనగానే వినేవాళ్ళకి ప్రయాణం గుర్తొస్తుంది. ఎప్పుడు బయల్దేరావు, ఏ ఫ్లయిట్ అని అడిగినా అడుగుతారు. ఊరు చెప్పడానికి తెలుగులో వాడేది "మాది". మాది గుంటూరు, మాది వరంగల్, మాది క్యారీ. ఇందులో ఎక్కడినుంచో వచ్చేసిన భావం లేదు. ఊరు ఇంకా మాదే అని చెప్తుంది. పైగా "నాది" అనరు, ఒక్కరే ఉన్నా "మాది" అంటారు. ఊరు ఒక్కరిది కాదు కాబట్టి అలా అంటారని నేను అనుకుంటాను.

ఇంకో మాట ఉంది, "మన". "మా" అంటే వినేవాళ్ళు అందులో లేరు. "మన" అంటే వినేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కాబట్టి ఈ తేడా మొదట్లో పట్టుబడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా క్యారీలో ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్ళు కూడా "మన ఊళ్ళో వానలు పడుతున్నాయట" అంటే అది తెనాలి సంగతో కరీంనగర్ సంగతో అయి ఉంటుంది. క్యారీకి వాళ్ళు వాడే మాట "ఇక్కడ". "ఇక్కడ చలి ఎక్కువ, ఇక్కడ ఎవరి పని వాళ్ళది." ఇంట్లో పెరిగే పిల్లవాడు రోజూ ఇది వింటాడు. తను పుట్టిన చోటు "ఇక్కడ" మాత్రమే, "మన ఊరు" ఇంకెక్కడో ఉంది అని నేర్చుకుంటాడు. ఆ పాఠం ఎవరూ కావాలని చెప్పలేదు. "మన" అనే మాటే చెప్పింది.

ఇప్పుడు క్యారీ సంగతి. రైలు మార్గం పక్కన ఫ్రాంక్ పేజ్ అనే ఆయన భూమి కొని మొదలుపెట్టిన చిన్న ఊరు ఇది. 1871లో అధికారికంగా టౌన్ అయింది. పేరు ఎవరిదంటే, ఒహాయో రాష్ట్రానికి చెందిన శామ్యూల్ క్యారీది. మద్యపానానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు ఇచ్చిన నాయకుడు. అంటే ఈ ఊరి పేరే బయటి మనిషి పేరు. 1960లో ఇక్కడి జనాభా మూడున్నర వేలు కూడా లేదు. 2020 లెక్కల్లో 1,74,000 దాటింది. దగ్గర్లో 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది, కంపెనీలు వచ్చాయి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి జనం వచ్చారు. అప్పుడు పాతవాళ్ళు ఒక జోక్ కట్టారు. క్యారీ స్పెల్లింగులోని నాలుగు అక్షరాలూ విడదీసి "కంటైన్‌మెంట్ ఏరియా ఫర్ రీలొకేటెడ్ యాంకీస్" అన్నారు. వలస వచ్చిన ఉత్తరాదివాళ్ళని ఉంచే ఆవరణ అని అర్థం. అంటే "అసలు మీది ఏ ఊరు?" అనే ప్రశ్న ఈ ఊళ్ళో తెల్లవాళ్ళు తెల్లవాళ్ళనే అడిగారు. మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

మన గుడి సంగతి చూడండి. శ్రీ వేంకటేశ్వర ఆలయం 2009లో తెరిచారు. 87 అడుగుల రాజగోపురాన్ని 2022లో గవర్నర్ రాయ్ కూపర్ వచ్చి ప్రారంభించారు. ఆ గోపురం ఏ ఊరిది అంటే ఎవరైనా క్యారీది అనే అంటారు. "అసలు ఊరు?" అని గోపురాన్ని ఎవరూ అడగరు. మరి దాని నీడలో అక్షరాభ్యాసం చేసుకున్న పిల్లల్ని ఎందుకు అడుగుతాం?

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు గమనించండి. ఆంధ్రదేశంలో అయితే శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్తారు. అమెరికాలో చాలా గుళ్ళలో అయ్యగార్లు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అంటారు, భరతవర్షం బదులు రమణకవర్షం అంటారు. ఆ తర్వాత గోత్రం, నక్షత్రం, పేరు. తాతగారి ఊరు అడగరు. దేవుడికి చెప్పాల్సింది ఈరోజు ఎక్కడ నిలబడి దండం పెడుతున్నామో ఆ చోటు. దేవుడికి సరిపోయిన జవాబు మనకెందుకు సరిపోదు?

ఊరు వదిలి వెళ్ళడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. తాడేపల్లి, గొల్లపూడి, వేమూరి లాంటి ఇంటిపేర్లు చూడండి. అవి ఊళ్ళ పేర్లు. తాడేపల్లిలో అందరూ తాడేపల్లివాళ్ళే కాబట్టి అక్కడ ఎవరినీ ఆ పేరుతో పిలవాల్సిన పని లేదు. ఇంకో ఊరు వెళ్ళాకే ఆ పేరు పనికొస్తుంది. అంటే అలాంటి ఇంటిపేరు ఉన్నవాళ్ళ పూర్వీకులు ఎవరో ఎప్పుడో మూట కట్టుకుని బయల్దేరారన్నమాట. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు. ఎన్ని ఊళ్ళ నుంచి వచ్చినా ఎక్కిన రేవే వాళ్ళ ఊరైపోయింది.

అక్కడే ఉండిపోయినవాళ్ళ ఊళ్ళు కూడా కదిలాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం ప్రాజెక్టుల కింద ఊళ్ళకి ఊళ్ళే మునిగిపోయాయి. కృష్ణా తుంగభద్రా కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ కట్టారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు అలంపురం గుడికనే వెళ్తారు. పాత ఊరి పేరూ పోలేదు, కూడలి సంగమేశ్వరుడనే పిలుస్తారు. మనుషులకి కూడా ఈ పద్ధతి బాగుంటుంది.

పెద్దవాళ్ళ భయం నాకు తెలుసు, నేనూ అరవై దాటినదాన్నే. పిల్లలు "మాది క్యారీ" అంటే మన ఊరిని మర్చిపోయారని బాధ. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అనే వయసులో ఆ పొమ్మనే ఊరు ఏదో కూడా తేలకపోతే ఎలా అని లోపల దిగులు. కానీ "అసలు ఊరు" అని అడిగితే పిల్లలు ఆ ఊరికి దగ్గరవ్వరు, ప్రశ్నకి దూరమవుతారు. తెలుగు మాట్లాడితే పరీక్షలో ఫెయిలవుతాం అనుకున్నవాళ్ళు తెలుగు మాట్లాడటమే మానేస్తారు. నష్టం అక్కడ.

నా దృష్టిలో ఊరు అంటే పుట్టిన ఆసుపత్రి ఒక్కటే కాదు. ఒకే కష్టం గుర్తున్నవాళ్ళు ఒక ఊరివాళ్ళు. కృష్ణా జిల్లా వాళ్ళు 1977 నవంబర్ 19 అంటే దివిసీమ ఉప్పెన అంటారు, ఇంకో మాట అక్కర్లేదు. ఇక్కడ 1996 సెప్టెంబర్‌లో ఫ్రాన్ తుఫాను వచ్చింది. రోడ్ల మీద పడిన చెట్లూ, కరెంటు లేని రోజులూ అప్పుడున్నవాళ్ళు ఈరోజుకీ చెప్పుకుంటారు, ఏ దేశంవాళ్ళైనా సరే. ఆ కబురు చెప్పుకునే ఇద్దరూ ఒక ఊరివాళ్ళే.

కాబట్టి నేర్చుకునేవాళ్ళకి నా సలహా. "మీది ఏ ఊరు?" అంటే తడుముకోకండి. రెండు వాక్యాలు సిద్ధంగా ఉంచుకోండి. "మాది క్యారీ అండీ. మా తాతగారి వాళ్ళది ఫలానా ఊరు." వరస ముఖ్యం, ముందు మీ ఊరు. రెండో వాక్యాన్ని ఉత్తి పేరుగా వదిలేయకండి. ఆ ఊరు ఏ టౌనుకి దగ్గర, చేనుకి నీళ్ళు కాలవ నుంచా చెరువు నుంచా, తాతగారు ఎందుకు బయటికి వచ్చారు, ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరున్నారు, ఈ నాలుగూ ఇంట్లో తెలుగులోనే అడగండి. ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది. అడిగేటప్పుడు నాయనమ్మ ముఖం చూడండి, ఏ యాప్‌లోనూ దొరకని తెలుగు వినిపిస్తుంది.

పెద్దవాళ్ళకి ఒకటే మనవి. "అసలు" అనే మాట తీసేసి అడగండి. "తాతగారి వాళ్ళది ఏ ఊరమ్మా?" అంటే మీకు కావలసిందే తెలుస్తుంది, పిల్ల చిన్నబోదు. ఈసారి క్యారీలో మంచు పడినప్పుడు ఇండియాకి ఫోన్ చేసి "ఇక్కడ మంచు పడింది" అనకుండా "మా ఊళ్ళో మంచు పడింది" అనండి. పక్క గదిలో మనవరాలు వింటూ ఉంటుంది.