చండ్రా, సండ్రా?

రెండు సంచికలుగా మన పత్రికలో నడుస్తున్న 'మంచి తెలుగు' చర్చలో తలదూర్చకూడదనే అనుకున్నాను. కాని మొన్నటి సంచికలో తెలుగునాటి పెద్దమనిషి ఒకాయన రాసిన ఉత్తరం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళ నోట చెట్టూ చేమల పేర్లు అరవమూ కన్నడమూ ఒడియా కలిసి భ్రష్టు పట్టాయట. నిఘంటువు దగ్గర పెట్టుకుని దిద్దుకోవాలట. మన పిల్లల వాచకాల్లో 'ప్రామాణికమైన' పేర్లే ఉండాలట. ఆయన మర్యాదగానే రాశారు, నేనూ మర్యాదగానే అడుగుతాను. అయ్యా, మీ నిఘంటువులోకి ఆ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. కోయంబత్తూరు పక్కన తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పాత బొమ్మల పుస్తకాల పిచ్చి మాత్రం ఉంది. ఒకప్పుడు పెద్ద పెద్ద లైబ్రరీల్లో తాళం వేసి ఉంచిన పుస్తకాలు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వాటిలో ఒకటి విలియం రాక్స్‌బర్గ్ 'కోరమాండల్ తీరపు మొక్కలు'. ఈ వాదానికి సాక్ష్యం అందులోనే ఉంది.

రాక్స్‌బర్గ్ స్కాట్లండు వైద్యుడు. 1776లో మద్రాసుకు వచ్చాడు, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశాడు. 1787లో కోరంగి ఉప్పెన వచ్చి ఆయన పుస్తకాలనూ పోగుచేసుకున్న మొక్కలనూ ఊడ్చుకుపోయింది. (యానాం మిత్రులకు ఆ ఉప్పెన సంగతి నేను చెప్పాలా!) మళ్ళీ మొదలుపెట్టాడు. 1789లో కంపెనీ ఆయన్ను మద్రాసు వైపు వృక్షశాస్త్రజ్ఞుడిగా నియమించింది. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. ఆయన ఇక్కడి చిత్రకారుల చేత వేయించి లండన్‌కు పంపిన వందల బొమ్మల్లోంచి సర్ జోసెఫ్ బ్యాంక్స్ 300 ఎంపిక చేసి, 1795 నుంచి 1820 దాకా మూడు పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించాడు. రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసి, చేత్తో రంగులు వేసిన పుటలు. కొమ్మా ఆకూ పువ్వూ పైన, కోసి విప్పి చూపిన పువ్వు భాగాలూ కాయా గింజా కింద. వెనక ఆకాశమూ లేదు, నేలా లేదు, తెల్ల కాగితమే.

ఆ పుస్తకంలో నన్ను నిలబెట్టింది రంగులు కావు. బొమ్మకు ఎదురుగా ఉన్న వర్ణనలో లాటిన్ పేరు పక్కనే, ఈ చెట్టును తెలింగలు ఫలానా పేరుతో పిలుస్తారని రాక్స్‌బర్గ్ రాసుకుంటూ పోయాడు. మోదుగ ఉంది. తీగమోదుగ ఉంది. ఇప్ప, వెలగ, మారేడు ఉన్నాయి. ముష్టి ఉంది. బురదనీళ్ళ కుండలో గింజ అరగదీస్తే నీరు తేరుకునే చిల్ల ఉంది. తీరం వెంట ఇసుక నేలల్లో ఎర్రరంగు కోసం పెంచే చిరివేరు ఉంది, దానితో రంగు అద్దే పద్ధతితో సహా. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక స్కాట్లండు చెవికి ఎలా వినిపిస్తే అలా. ఈ పేర్లు ఆయన పండితుల అరుగుల మీద కూర్చుని రాసుకున్నవి కావు. కట్టెలు కొట్టేవాళ్ళూ, అద్దకం వాళ్ళూ, కొండ మీంచి మొక్కలు తెచ్చి ఇచ్చినవాళ్ళూ పలికినవి. ఆ రోజుల్లో ఉత్తర సర్కారులంటే గంజాం దాకా ఒకటే పట్టు. పర్లాకిమిడి కొండ పేర్లకూ సామర్లకోట పేర్లకూ మధ్య 'లోపలి తెలుగు', 'బయటి తెలుగు' అన్న సరిహద్దు రాయి ఎవరూ పాతలేదు. అది మన కాలం సరుకు.

1852లో బ్రౌన్ తెలుగు నిఘంటువు వచ్చింది. చెట్ల పేర్ల దగ్గర తిరగేసి చూడండి. పేజీ పేజీకి రాక్స్‌బర్గ్ పేరు పొడి అక్షరాల్లో కనిపిస్తుంది. అంటే ఏమిటి? అడవిలో ఒకడు పలికాడు, ఒక దొర విని ఇంగ్లీషులో రాసుకున్నాడు, లండన్‌లో అచ్చయింది, ఇంకో దొర దాన్ని చూసి మద్రాసులో నిఘంటువుకెక్కించాడు, ఆ తరవాతి నిఘంటువులు ఈయన్ని చూసి రాశాయి. ఇప్పుడు ఆ నిఘంటువు తీసుకొచ్చి, మా అమ్మ పలుకుబడిని దిద్దుకోమంటున్నారు. మా అమ్మా అడవివాడిలాగే నోటితో పలికింది. కాకపోతే ఆమె ఎదుట కాగితం పట్టుకుని దొర కూర్చోలేదు.

మచ్చుకు ఒక్క చెట్టు చెబుతాను. కళ్ళు చండ్రనిప్పులు చేశాడని అంటాం కదా, ఆ చండ్ర. గట్టి కట్టె, దాని బొగ్గు భగభగమంటుంది. కొన్ని పట్టుల్లో దీన్ని సండ్ర అంటారు. చిన్నప్పుడు మా అయ్యవారు సండ్ర అంటే మొట్టికాయ వేసేవారు. రాక్స్‌బర్గ్ మూడో సంపుటంలో ఈ చెట్టు బొమ్మ ఉంది. ఆయన దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో రెండో మాట 'సుంద్ర'. మన సండ్రే! తరంగంబాడి నుంచి వచ్చిన రాట్లర్ అనే పాదిరీ అదే చెట్టును 1803లో 'చుంద్ర' అని అచ్చులో పెట్టాడు. అదీ మనదే. ఈ రెండు లాటిన్ పేర్లలో ఏది నిలవాలన్న లెక్క వృక్షశాస్త్రజ్ఞులు వేసుకున్నారు. ముందు అచ్చయింది కనుక చుంద్ర నిలిచింది. రెండోది తప్పు తెలుగని ఎవరూ కొట్టేయలేదు. అది కూడా పాత పేరుగా పుస్తకాల్లో భద్రంగానే ఉంది. లాటిన్‌లో రెండు పలుకుబళ్ళకూ చోటుంది, తెలుగు వాచకంలో లేదు!

సోమిద చెట్టుదీ ఇలాంటి కథే. దాని బెరడు చలిజ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ చాలా ఆశ పెట్టుకున్నాడు. 1830లో ఫ్రాన్సులో ఒక శాస్త్రజ్ఞుడు ఆ చెట్టుకు కొత్త ప్రజాతి ఏర్పరుస్తూ దానికి 'సోయ్‌మిడా' అన్న పేరే ఖాయం చేశాడు. ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనా ఆ చెట్టును తెలుగు పేరుతోనే పిలవాలి. మన పిల్లల్లో ఎందరికి ఆ మాట తెలుసు?

భ్రష్టు పట్టిన పేర్లంటారా? మారేడును మా వైపు తెలుగిళ్ళలో విల్వం అనేవాళ్ళే ఎక్కువ. అరవం కలిసిందని మీరు నొచ్చుకుంటారు. మీ గుడిలో పూజారి బిల్వం అంటే మాత్రం నొచ్చుకోరు. ఆయన నోట పడితే సంస్కృతం, మా అత్తయ్య నోట పడితే సంకరమా? ఇప్పకు కన్నడంలో ఇప్పె, అరవంలో ఇలుప్పై. అక్కచెల్లెళ్ళలాంటి మాటలు. వీటిలో చెడింది ఏది, చెరిపింది ఏది? బళ్ళారి మనిషి మోదుగను ముత్తుగ అన్నా ఆ చెట్టు ఫాల్గుణంలో ఆకంతా రాల్చి ఎర్రగా పూయడం మానదు.

నిరుడు మా వీధిలో ఒక పిల్లకు తెలుగు పరీక్షలో వేసవి ముందు ఎర్రగా పూసే చెట్టు పేరు రాయమన్నారు. పురసు అని రాసింది. మా చుట్టుపక్కల మోదుగను అందరూ అనే మాట అదే. ఏ బడి అన్నది వద్దు. దిద్దినవారు ఎర్రసిరాతో కొట్టేసి పైన మోదుగ అని రాశారు. రెండూ ఒకటేనన్న ముక్క ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల పురసును చూసింది, దాని ఆకులో తిన్నది. మోదుగ ఆమెకు కాగితం మీది మాట. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో అరవం తప్పనిసరి అయ్యాక, మా పిల్లలకు తెలుగు చదవడానికి మిగిలిన కాస్త వేళా విలువైనది. అందులోనూ నీకు తెలిసింది తప్పని చెబితే, ఆ పిల్ల మరుసటి ఏడు తెలుగు పుస్తకం పట్టుకోవాలని ఎందుకనుకుంటుంది? మన తెలుగు పోతున్నదని సభల్లో కన్నీరు పెట్టేవాళ్ళు ఈ ఎర్రసిరా సంగతి కొంచెం చూడాలి.

ఇక మనవాళ్ళ సంగతి. ఇటు మన సంఘాలవాళ్ళకు ఈ పాత బొమ్మల మాట చెబితే వెంటనే అడిగేది, వేసినవాడు మనవాడేనా అని. రాక్స్‌బర్గ్ పుస్తకం విషయంలో జవాబు సులువు. రాగిరేకులు చెక్కిన లండన్ పనివాడు మెకంజీ అని లోకానికి తెలుసు, మూలం బొమ్మలు వేసిన చేతుల పేర్లు ఆ మూడు సంపుటాల్లో లేవు. తరవాతి తరంలో వచ్చిన రాబర్ట్ వైట్ ఆ పని చేయలేదు. అతను మా కోయంబత్తూరులోనే ఏళ్ళ తరబడి ఉండి అమెరికా పత్తి సేద్యం నడిపినవాడు. 1838 నుంచి 1853 దాకా మద్రాసులో అచ్చువేసిన ఆరు సంపుటాల్లో 2,101 బొమ్మలు వేయించాడు. వాటి అడుగున వేసినవారి పేర్లున్నాయి. మొదట రంగయ్య, తరవాత గోవిందు. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని తన చిత్రకారుడి పేరే పెట్టాడు. ఆ మొక్క అంతకుముందే పేరున్న ట్రోపిడియా ప్రజాతిలోదేనని తేలి ఆ గౌరవం కాస్తా కొట్టుకుపోయింది, అది వేరే సంగతి. ఈ ఇద్దరి పనినీ మళ్ళీ వెలుగులోకి తెచ్చింది ఎడింబరో తోటకు చెందిన హెన్రీ నోల్టీ, 2007లో.

తంజావూరు చిత్రకారుల్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు ఉన్న మాట నిజమే. అంతమాత్రాన రంగయ్య పటానికి దండ వేసి, ఇద్దరికి శాలువాలు కప్పి, 'తెలుగువాడి కుంచె' అని బ్యానరు కట్టేస్తే సరిపోతుందా? వాళ్ళది వట్టి చేతిపని, బుద్ధి దొరదని ఇంకా రాసేవాళ్ళున్నారు. ముందు వాళ్ళకు జవాబు చెప్పాలి. బొమ్మ ఎదుట పెట్టుకుని చూస్తే చాలు. పువ్వు కోసిన గడియ నుంచే వాడుతుంది, రంగు మారుతుంది. దాని పుప్పొడి తిత్తులు ఎన్ని, అండాశయం అడ్డంగా కోస్తే ఎన్ని గదులు అన్నది చూసి తేల్చుకోకుండా గీయడానికి వీల్లేదు. దొర రాసిన వర్ణన తప్పయితే అక్షరాల్లో దాగుతుంది, బొమ్మ తప్పయితే దాగదు. గుడి గోడల మీదా, దేవుడి పటాల మీదా బంగారు రేకు అద్దిన వంశాల చేతులు బంగారమూ నేపథ్యమూ అన్నీ వదిలి, తెల్ల కాగితం మీద ఒక్క రెమ్మను నిలబెట్టడం నేర్చుకున్నాయి. అది చేతిపనే అయితే, బుద్ధి అన్నది ఇంకెలా ఉంటుందో నాకు చెప్పండి.

మలయాళీలను చూడండి. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డాంలో పన్నెండు సంపుటాలుగా అచ్చయిన 'హోర్టస్ మలబారికస్' బొమ్మల మీదే మలయాళ లిపిలో పేర్లున్నాయి. మందుల సంగతి చెప్పిన ఇట్టి అచ్యుతన్ పేరూ ఉంది. ఆ లాటిన్ పుస్తకాన్ని మణిలాల్ అనే ఒక్క ఆచార్యుడు ఏళ్ళ తరబడి కూర్చుని ఇంగ్లీషు చేస్తే కేరళ విశ్వవిద్యాలయం 2003లో అచ్చు వేసింది, 2008లో మలయాళంలోనూ తెచ్చింది. మనకు అంత లాటిన్ కష్టం కూడా లేదు. రాక్స్‌బర్గ్ వర్ణనలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అందులోని తెలుగు పేర్లను తెలుగు అక్షరాల్లోకి తెచ్చుకోవాలి, అంతే. ఒక్కో బొమ్మ కింద ఒక్కో మాట కాదు, ఉన్న మాటలన్నీ. మోదుగ పక్కన పురసు, ముత్తుగ, పలాస. మారేడు పక్కన విల్వం. చండ్ర పక్కన సండ్ర. ఎవరి మాట ఏ ఊరిదో కూడా రాసి.

దీన్ని తెలుగునాటి విశ్వవిద్యాలయాలు చేస్తాయని ఎదురుచూడాలన్న పట్టుదల నాకు లేదు. అక్కడ ఒక చెట్టుకు ఒక్క పేరే వినిపిస్తుంది. నాలుగు పేర్లు వినిపించేది మనకే. మొదటి సంపుటంలోని బొమ్మలతో నేను మొదలుపెట్టాను. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి అసలు మాట పోల్చుకోలేకపోయిన చోట్ల ఖాళీ వదిలాను. పర్లాకిమిడి, బరంపురం వైపు కొండవాళ్ళతో పరిచయం ఉన్నవారు తీగమోదుగను ఏమంటారో పత్రికకు రాయండి. చాందా జిల్లా మిత్రులు ఇప్పకూ తునికికీ ఇంట్లో వాడే మాట రాయండి, పుస్తకం చూసి కాదు. యానాంలో పెద్దవాళ్ళు ఇంకా చిరివేరు అంటారా, శాయవేరు అంటారా, అసలు ఆ మొక్కను గుర్తుపట్టేవాళ్ళు మిగిలారా అన్నది నాకు అన్నిటికంటే ముందు కావాలి.