పిల్లవాడి కోసం పుట్టిన పాట

ఇంగ్లీషు పాట అనగానే "అబ్బే, ఆ గోల మనకెందుకండీ!" అంటూ పేజీ తిప్పేయకండి. ఈ వారం చెప్పబోయేది పాట కథే గానీ, అందులో ఉన్నది ఒక ఇల్లు, ఒక ఇల్లాలు, ఐదేళ్ల పిల్లవాడు. పాట పేరు 'హే జూడ్'. పాడినవాళ్లు బీటిల్స్.

బీటిల్స్ అంటే ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్నానికి చెందిన నలుగురు కుర్రాళ్లు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. 1960లలో వాళ్లు కనబడితే చాలు, ఆడపిల్లలు కేకలు పెట్టి సొమ్మసిల్లిపోయేవారు. వారిలో జాన్ భార్య పేరు సింథియా. ఇద్దరూ ఆర్ట్ కాలేజీలో చదువుకుంటూ ప్రేమించుకున్నారు. 1962 ఆగస్టులో పెళ్లి చేసుకున్నారు. 1963 ఏప్రిల్‌లో బాబు పుట్టాడు. పెళ్లయినవాడని తెలిస్తే అభిమానుల మోజు తగ్గిపోతుందని మొదట్లో ఆ పెళ్లి సంగతే బయటపెట్టలేదు. మొగుడి పేరు ఊరూవాడా మోగిపోతుంటే 'ఆయన మా ఆయనే' అని చెప్పుకోవడానికి లేని పరిస్థితి! ఆ ఇల్లాలి మనసు ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

బాబుకి జూలియన్ అని పేరు పెట్టారు. అది జాన్ తల్లి జూలియా పేరు. జాన్‌కి కూడా తల్లిదండ్రుల ముచ్చట తీరలేదు. చిన్నతనంలోనే వాళ్లు విడిపోతే పెద్దమ్మ దగ్గర పెరిగాడు. 17 ఏళ్లప్పుడు తల్లి కారు ప్రమాదంలో పోయింది. ఇంత అనుభవించినవాడు తన కొడుక్కి ఆ లోటు రానివ్వడనుకుంటాం. కానీ అలా జరగలేదు.

1968 ఫిబ్రవరిలో బీటిల్స్ మన దేశం వచ్చారు. ఋషీకేశ్‌లో గంగ ఒడ్డున మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానం నేర్చుకున్నారు. సింథియా కూడా భర్త వెంట వచ్చింది. గంగ ఒడ్డునైనా కాపురం కుదుటపడుతుందేమోనని ఆశపడింది కాబోలు. తిరిగి వెళ్లిన కొద్ది వారాలకే, మే నెలలో, గ్రీసుకి సెలవులకెళ్లి ఇంటికొచ్చేసరికి తన ఇంట్లో భర్త పక్కన యోకో ఓనో అనే జపాన్ కళాకారిణి కనిపించింది. ఆ ఏడు నవంబరుకల్లా విడాకులు అయిపోయాయి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అంతకాలం ఆ ఇంట్లో కలిసి భోంచేసినవాళ్లు, కబుర్లు చెప్పుకున్నవాళ్లు ఒక్కసారిగా కనబడకుండా పోయారు. పెద్దవాడు జాన్ వైపు ఉండటమే క్షేమం అనుకుంటారు కదా లోకులు! ఒక్క పాల్ మాత్రం లండన్ నుంచి స్వయంగా కారు నడుపుకుంటూ, వేబ్రిడ్జ్‌లో ఉన్న సింథియా ఇంటికి బయల్దేరాడు. నిన్నటిదాకా మనవాళ్లనుకున్నవాళ్లను ఇవాళ ఉన్నట్టుండి ఎలా వదిలేస్తామన్నది ఆయన ఆలోచన. చేతిలో ఒక ఎర్ర గులాబీతో వచ్చాడని సింథియా తరువాత రాసుకుంది.

దారిలో ఆయనకి జూలియన్ గుర్తొచ్చాడు. ఆ పసివాడికి ఏం చెప్పాలి? పాల్‌కి కూడా 14 ఏళ్లప్పుడే తల్లి చనిపోయింది. ఆమె నర్సుగా పనిచేసేది, రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. చిన్న వయసు దుఃఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అలా స్టీరింగ్ పట్టుకునే, పిల్లవాణ్ని ఓదారుస్తున్నట్టు నాలుగు మాటలు కూనిరాగంగా తీశాడు. మొదట పాటలో పేరు జూల్స్, అంటే జూలియన్‌కి ముద్దుపేరు. పాడటానికి అనువుగా ఉంటుందని తరువాత జూడ్ అని మార్చాడు.

1968 జూలై 31, ఆగస్టు 1 తేదీల్లో లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో పాట రికార్డు చేశారు. అప్పట్లో పాట అంటే మూడు నిమిషాలు. ఇదేమో 7 నిమిషాల పైచిలుకు! ఇంత పొడుగు పాట రేడియోవాళ్లు వేస్తారా అని అనుమానం వచ్చింది. వేశారు. ఆగస్టు చివరి వారంలో రికార్డు విడుదలైంది. అమెరికాలో వరసగా 9 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఎప్పుడైనా తీరికగా విని చూడండి. మొదట ఒక్క గొంతు, ఒక్క పియానో, అంతే. ఆపైన ఒక్కొక్క వాయిద్యం, ఒక్కొక్క గొంతు వచ్చి చేరతాయి. ఖాళీ అయిపోయిన ఇంటికి చుట్టాలు ఒక్కరొక్కరే వచ్చి కూర్చున్నట్టుంటుంది. చివరి నాలుగు నిమిషాలూ మాటల్లేని ఆలాపనే. అందులో 36 మంది వాద్యకారులు వాయించారు. వాళ్లను చప్పట్లు కూడా కొట్టి గొంతు కలపమంటే, 'నేను అందుకు రాలేదు' అని ఒకాయన లేచి వెళ్లిపోయాడట! జోలపాటకి అర్థం తెలియాలా ఏమిటి? ఈ ఆలాపనకీ అంతే. అందుకే భాష రానివాళ్లు కూడా పాడేస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో 70 ఏళ్ల పాల్ ఈ పాట అందుకుంటే స్టేడియమంతా గొంతు కలిపింది.

ఆ పసివాడి పాట ఇంకెక్కడిదాకా వెళ్లిందో చూడండి. పాట విడుదలైన ఆ ఆగస్టులోనే చెకోస్లొవేకియా దేశంలోకి సోవియట్ సేనలు ప్రవేశించాయి. అక్కడి గాయని మార్తా కుబిషోవా ఈ పాటని తమ భాషలో వేరే మాటలతో పాడి 1969లో రికార్డు ఇచ్చింది. భయపడిన జనానికి అది ధైర్యం చెప్పే పాట అయింది. ప్రభుత్వం ఊరుకుంటుందా? 1970లో ఆమె పాడకూడదని నిషేధించింది. దాదాపు 20 ఏళ్లు ఆ గొంతు వినిపించలేదు. 1989 నవంబరులో ప్రభుత్వం కూలే వేళ ప్రేగ్ నగరం నడిబొడ్డున ఆమె మళ్లీ పాడితే, లక్షల మంది కళ్లనీళ్లతో విన్నారు.

మరి జూలియన్? ఆ పాట తన కోసమే రాశారన్న పూర్తి కథ ఆయన పెద్దయ్యాక, 1980లలో, పాల్ నోటనే విన్నాడు. 2022లో తన ఆల్బమ్‌కి 'జూడ్' అనే పేరు పెట్టుకున్నాడు. అయినా, ఆ పాట వింటే అప్పటి బాధ కూడా గుర్తొస్తుందని దాచకుండా చెప్పాడు. నిజమే కదండీ! ఓదార్పు గాయాన్ని మాన్పదు. గాయపడిన రోజున నా పక్కన ఒకరున్నారని మాత్రం గుర్తు చేస్తుంది. సింథియా 2015లో కన్నుమూసింది. పాల్ ఆ రోజు ఇంటికి రావడాన్ని ఆమె చివరిదాకా మరిచిపోలేదు.

ఈ కథ మీకెందుకు చెప్పానంటారా? చావు జరిగిన ఇంటికి వెళ్లడానికి మనకొక పద్ధతుంది. ఎప్పుడు వెళ్లాలో, ఏం మాట్లాడాలో, వచ్చేటప్పుడు 'వెళ్లొస్తాం' అనకూడదని కూడా పెద్దవాళ్లు నేర్పారు. కాపురం విరిగిన ఇంటికి వెళ్లే పద్ధతి మాత్రం ఎవరూ నేర్పలేదు. అందుకే వెళ్లం. పేరంటానికి పిలవాలా వద్దా అని తటపటాయిస్తాం. ఆమె ఎదురొస్తే ఏం మాట్లాడాలో తెలియక గబగబా నడుస్తాం. ఒకవేళ వెళ్లినా, పిల్లల ముందే "అసలేం జరిగింది వదినా?" అని మొదలుపెడతాం.

ఆ పిల్లలతో మనం మామూలుగా అనే మాటలు మూడు. "నాన్న వచ్చేస్తాడులే" - ఇది అబద్ధమైతే వాడు రోజూ గుమ్మం వైపు చూస్తాడు. "మీ నాన్న అలాంటివాడు" - ఎలాంటివాడైనా వాడికి నాన్నే. "ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు" - ఐదేళ్లవాడి నెత్తిన ఎంత బరువో ఆలోచించండి! ఇవేవీ వద్దు. "ఇది నీ తప్పు కాదు నాన్నా, నేను మళ్లీ ఆదివారం వస్తాను" అనండి. అన్నట్టుగానే ఆదివారం వెళ్లండి.

మీ వీధిలో అలాంటి ఇల్లుంటే, ఇవాళ సాయంత్రం గిన్నెడు పప్పుచారు, పిల్లలకి నాలుగు జంతికలు తీసుకుని వెళ్లి రండి. సలహాలు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.